తాళం వేసిన ఇంటికి వైఫై సెన్సర్: బిగించుకోవడం ఎలా?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు వైపు ఊళ్లలో పగలు పది గంటలకు ఏ వీధిలోకి వెళ్లినా తాళాలే కనిపిస్తాయి. మిరపకోతల కాలం. తెల్లారకముందే వంట ముగించి ఆడా మగా చేలోకి వెళ్లిపోతారు. కోసిన కాయ కల్లంలో ఆరుతున్నన్నాళ్లూ రాత్రి కాపలాకు ఇంటి మగవాళ్లు అక్కడే పడుకుంటారు. ఇంట్లో చూస్తే, ధర పెరుగుతుందని ఆపిన పత్తి ఒక గది నిండా ఉంటుంది. గుంటూరు యార్డులో మిరప టిక్కీలు (బస్తాలు) అమ్మగా వచ్చిన డబ్బు బీరువాలో ఉంటుంది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్ల సంగతి వేరు. పెద్దవాళ్లు అక్కడికి వెళ్లారంటే ఆర్నెల్లపాటు ఇంటికి తాళమే.

ఇలాంటి ఇంటికి వైఫై సెన్సర్ పనికొస్తుంది. తలుపుకు పెట్టే చిన్న సెన్సర్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. గోడ పగలగొట్టి వైర్లు లాగే పని లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవనక్కర్లేదు. అయితే అది దొంగను పట్టుకోదు, ఆపదు. తలుపు తెరుచుకుందనో, గదిలో ఎవరో కదిలారనో మీ ఫోనుకు కబురు పంపుతుంది. ఆ కబురు అందాక మీ వాకిట్లోకి వెళ్లగలిగిన మనిషి లేకపోతే, ఇల్లు దోచుకుంటున్న సంగతి కాస్త ముందుగా తెలుసుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. కాబట్టి సెన్సర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు మనుషులను మాట్లాడుకోండి

పక్కింట్లోనో ఎదురింట్లోనో రాత్రిపూట ఫోన్ చేస్తే లేచేవాళ్లు ఇద్దరిని చూసుకోండి. ఒక్కరు చాలరు, ఆయన కూడా ఆ రాత్రి కల్లం దగ్గరే ఉండొచ్చు. మొహమాటపడకుండా విషయం విడమరచి చెప్పండి: "బాబాయ్, ఇంటికి సెన్సర్ పెడుతున్నాం. రాత్రి ఎప్పుడన్నా నేను ఫోన్ చేస్తే, ఇంకొకరిని తోడు తీసుకుని వచ్చి మా వాకిట్లో లైటు వెయ్యండి, గట్టిగా కేకెయ్యండి. లోపలికి మాత్రం వెళ్లొద్దు." ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి. తలుపు పగలగొట్టినవాడి చేతిలో ఇనపకడ్డీ ఉంటుంది. వరండా లైటు స్విచ్ బయటివైపు లేకపోతే ఒకటి పెట్టించండి.

తరువాత పోలీసుల సాయం. ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. తాళం వేసిన ఇళ్లపై నిఘా దీని పని. ఆ పేరుతోనే ఉన్న యాప్‌లో ముందుగా మీ వివరాలు, ఇంటి చిరునామా నమోదు చేసుకోవాలి. ఊరెళ్లేటప్పుడు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఇల్లు తాళం వేసి ఉంటుందో తెలియజేస్తే పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు. లోపలికి ఎవరైనా వస్తే కంట్రోల్ రూముకు హెచ్చరిక వెళుతుంది, గస్తీ వాహనం బయల్దేరుతుంది. దీనికి రుసుము లేదు. నాలుగు రోజుల తిరుపతి ప్రయాణానికి, పండక్కి వెళ్లే ప్రయాణానికి ఇది మీరు కొనే ఏ పరికరం కన్నా మెరుగు, ఎందుకంటే ఇందులో కబురు అందుకునేవాళ్లే కదిలి వచ్చేవాళ్లు. బయల్దేరే రోజు హడావిడిలో కాకుండా కాస్త ముందుగానే స్టేషన్‌కు వెళ్లి, మీ పరిధిలో ఏ మేరకు అందుతోందో కనుక్కోండి. ఆర్నెల్ల ప్రయాణానికి, రోజూ చేలోకి వెళ్లివచ్చే ఇంటికి మాత్రం సొంత సెన్సర్ ఉండాల్సిందే.

ఏవి కొనాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండు రకాలు చాలు: తలుపు సెన్సర్, కదలిక సెన్సర్.

తలుపు సెన్సర్‌లో రెండు ముక్కలుంటాయి. పెద్ద ముక్కలో బ్యాటరీ, రీడ్ స్విచ్ ఉంటాయి, చిన్న ముక్కలో అయస్కాంతం ఉంటుంది. గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు, అయస్కాంతం దగ్గరగా ఉంటే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. రీడ్ స్విచ్ అంటే ఇంతే. 1936లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టిన ఈ చిన్న వస్తువు ఇప్పటికీ అదే పని చేస్తోంది. చెడిపోవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు కాబట్టి నా ఓటు ముందు దీనికే.

కదలిక సెన్సర్‌ను పీఐఆర్ అంటారు. మనిషి ఒంటి నుంచి వెలువడే వేడి కిరణాలను పట్టుకుంటుంది. దాని ముందున్న తెల్లటి గుబ్బ గదిని ముక్కలు ముక్కలుగా విభజించి చూస్తుంది. వేడిగా ఉన్నదేదో ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి దాటితే అది మనిషి కదలిక అని లెక్కవేస్తుంది. అంటే దానికి కావలసింది మనిషికీ వెనకున్న గోడకూ మధ్య వేడిలో తేడా. మన ప్రాంతంలో చిక్కంతా ఇక్కడే ఉంది. చలిదేశాల్లో ఆ తేడా ఎప్పుడూ ఉంటుంది. మే నెలలో రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. తలుపులు మూసిన రేకుల గదిలో గోడలు కూడా మనిషి చర్మమంత వేడెక్కుతాయి. అప్పుడు పీఐఆర్ సగం గుడ్డిదవుతుంది, మనిషి ఎదురుగా నడిచినా గుర్తించకపోవచ్చు. అందుకే వేసవిలో ఇల్లు మూసి వెళ్లేవాళ్లు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. అయస్కాంతానికి ఈ ఇబ్బంది లేదు.

కొనేటప్పుడు పెట్టె మీద మూడు సంగతులు చూడండి. మొదటిది, నేరుగా వైఫైకి కలుస్తుందా, హబ్ కావాలా అన్నది. జిగ్‌బీ అని రాసి ఉంటే దానికి వేరే హబ్ కొనాలి. జిగ్‌బీ సెన్సర్లకు బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది. ఐదారు సెన్సర్లు పెట్టే పెద్ద ఇంటికి నిజానికి అదే మేలు. రెండు తలుపులకైతే వైఫై చాలు. రెండోది బ్యాటరీ రకం. ఊళ్లో కిరాణా కొట్లో దొరికే సన్న పెన్సిల్ సెల్ వేసుకునేదయితే మంచిది. సీఆర్123ఏ లాంటివి కావాలంటే గుంటూరో ఒంగోలో వెళ్లాల్సి వస్తుంది. మూడోది అది ఏ యాప్‌తో నడుస్తుందన్నది. అన్నీ ఒకే యాప్‌లోకి వచ్చేలా కొనండి. మన మార్కెట్లో రకరకాల పేర్లతో అమ్మే సెన్సర్లలో చాలావరకు టుయా వాళ్ల పద్ధతిలో, స్మార్ట్ లైఫ్ అనే యాప్‌తో పనిచేస్తాయి.

కెమెరా కూడా పెట్టాలనుకుంటే వాకిట్లో ఒకటి చాలు. ఇంటర్‌నెట్‌కు కలిసే కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. కాబట్టి పేరూ ఊరూ లేని చవక సరుకు వద్దు, బిల్లు తీసుకోండి.

ఇంటర్‌నెట్, కరెంటు

సెన్సర్ ఎంత మంచిదైనా కబురు వెళ్లేది రూటర్ మీదుగా. రూటర్ ఆగితే సెన్సర్ నోరు పడిపోయినట్టే.

పల్లెటూళ్లలో ఎక్కువ ఇళ్లకు ఇంటర్‌నెట్ కేబుల్ టీవీ అతను ఇచ్చిన పెట్టెలోంచే వస్తుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, టీవీ, ఫోను, ఇంటర్‌నెట్ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామంటూ ఊళ్లలోకి వచ్చింది. తీగను కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తక్కువ ఖర్చులో త్వరగా అయింది కానీ స్తంభం పడితే కరెంటూ ఇంటర్‌నెట్టూ రెండూ ఒకేసారి పోతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి లాంటి రాత్రి ఏ వైఫై సెన్సర్ మీదా ఆశ పెట్టుకోవద్దు.

మామూలు కరెంటు కోతకు మాత్రం మందు ఉంది. ఇన్వర్టర్ ఉంటే రూటర్, ఫైబర్ పెట్టె రెండూ ఆ లైను మీదే ఉన్నాయో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యానుకీ లైటుకీ ఉంటుంది, టీవీ పక్కన ఉన్న ప్లగ్గుకి ఉండదు. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ కోసమే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి, కొన్ని గంటలు లాగుతాయి. రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉందో లేదో చూసి మరీ కొనండి. ఊరెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లకండి. ఫ్రిజ్, మోటారు, గీజర్‌లను విడివిడిగా ఆపి, రూటర్ లైనును మాత్రం వదలండి. పత్తి నిల్వ చేసిన గదిలో మాత్రం ఏ అడాప్టరూ ప్లగ్గులో ఉండకూడదు. అక్కడ దొంగ కన్నా నిప్పురవ్వ ప్రమాదం. అడాప్టర్ అక్కర్లేని బ్యాటరీ సెన్సర్ ఆ గదికి సరిపోతుంది.

రీచార్జ్ సంగతి కూడా చూసుకోండి. ఆర్నెల్లు వెళుతున్నవాళ్లు ఆర్నెల్లకూ ముందే కట్టాలి. సిమ్ వేసే రూటరయితే 28 రోజుల ప్యాక్ వేసి వెళ్లడం దండగ. కట్టడం మానేస్తే నెట్ ఆగుతుంది, ఆగిన సంగతి మీకు చెప్పేవాళ్లు ఉండరు.

యాప్‌లో కలపడం

ఈ పని గోడకు బిగించకముందు, రూటర్ పక్కన కూర్చుని చేయాలి.

వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి. సెన్సర్లలో దాదాపు అన్నీ 2.4 మీదే నడుస్తాయి. 5 వేగమైనదే కానీ గోడలు దాటడంలో బలహీనం. మీ ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే ఒకే పేరు చివర 5జి అని ఒకటి, లేకుండా ఒకటి కనిపిస్తే ఏమీ లేని దానికి ఫోన్‌ను కలపండి. రెంటికీ ఒకే పేరుంటే నెట్ ఇచ్చినతన్ని పిలిచి, "2.4కి వేరే పేరు పెట్టి ఇవ్వు" అనండి, అయిదు నిమిషాల పని. సెన్సర్ ఎంతకీ కలవకపోతే రూటర్ సెట్టింగులో డబ్ల్యూపీఏ3 బదులు డబ్ల్యూపీఏ2 పెట్టమనండి.

ఇప్పుడు యాప్ దించుకుని ఖాతా తెరవండి. దేశం ఇండియా అని ఎంచండి. ఖాతా ఇంటి పెద్ద పేరున, ఆయన ఫోన్ నంబరుతో లేదా మెయిల్‌తో ఉండాలి. బిగించడానికి వచ్చిన కుర్రాడి ఖాతాలో కలిపితే మీ ఇంటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా కబురు అతనికి వెళుతుంది. యాప్ అడిగినప్పుడు లొకేషన్, బ్లూటూత్, నోటిఫికేషన్ అనుమతులు ఇవ్వండి. కలిపే పని అయ్యాక లొకేషన్ తీసేసినా నష్టం లేదు.

సెన్సర్ మూత తెరిచి బ్యాటరీ పక్కనున్న ప్లాస్టిక్ పట్టీ లాగేయండి. యాప్‌లో పైన ఉన్న కూడిక గుర్తు నొక్కి, సెన్సర్ మీది చిన్న బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. దీపం గబగబా మిణుకుతుంది. వైఫై పాస్‌వర్డ్ కొట్టండి, పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా రాకూడదు. నిమిషంలోపు కలుస్తుంది. కలవకపోతే మళ్లీ బటన్ నొక్కండి. ఈసారి దీపం నెమ్మదిగా మిణుకుతుంది, అది ఇంకో పద్ధతి. యాప్ చెప్పినట్టు సెన్సర్ తనే వెలువరించే వైఫైకి ఫోన్‌ను కలిపి వెనక్కి వస్తే సరి.

కలిశాక పేరు పెట్టండి. 'డోర్ సెన్సర్ 1' అని వదిలేస్తే అర్ధరాత్రి ఏది ఏదో తెలియదు. 'పెరటి తలుపు', 'మేడ మెట్ల తలుపు', 'బీరువా గది' అని తెలుగులోనే పెట్టుకోవచ్చు.

ఎక్కడ బిగించాలి?

చాలామంది మొదటి సెన్సర్ వీధి తలుపుకు పెడతారు. టేకు ద్వారబంధం, ఇత్తడి గడియ, బయట ఇనప గ్రిల్లు, ఇన్ని ఉన్న తలుపు జోలికి దొంగ వీధివైపు లైటు కింద నిలబడి ఎందుకు వస్తాడు? మన ఇళ్లలో బలహీనమైనవి వెనక ఉంటాయి: దొడ్డి తలుపు, వంటింటి పెరటి తలుపు, డాబా మీద మెట్ల గది తలుపు. మెట్ల గదికి సన్నటి రేకు తలుపు పెట్టి చిన్న బోల్టుతో సరిపెట్టిన ఇళ్లు ఎన్నో. మొదటి సెన్సర్ అక్కడ, రెండోది పెరటి తలుపుకు, మూడోది కొంటే వీధి తలుపుకు.

తలుపు మూసినప్పుడు రెండు ముక్కల మధ్య ఎడం ఒక సెంటీమీటరు లోపు ఉండాలి. పెద్ద ముక్క కదలని ద్వారబంధం మీద, అయస్కాంతం తలుపు రెక్క మీద, కీలుకు దూరంగా, తెరుచుకునే అంచు దగ్గర. రెండు రెక్కల తలుపయితే ఒక ముక్క ఈ రెక్కకు, ఇంకో ముక్క ఆ రెక్కకు పెడితే ఏది తెరిచినా తెలుస్తుంది. ఇనప తలుపు, రేకు తలుపు అయస్కాంత బలాన్ని లాగేసుకుంటాయి. నేరుగా అంటిస్తే మూసి ఉన్నా తెరిచినట్టు చూపించొచ్చు. మధ్యలో అర సెంటీమీటరు మందం ప్లాస్టిక్ ముక్కో చెక్క ముక్కో పెట్టి దాని మీద అంటించండి.

అంటించే టేపును మాత్రం నమ్మకండి. సున్నం వేసిన గోడ మీద అది సున్నపు పొరకే అతుక్కుంటుంది, పొరతో సహా ఊడి కింద పడుతుంది. ఎండకు జిగురు జారిపోతుంది. రెండు చిన్న స్క్రూలు బిగించండి. సెన్సర్ తలుపుకు లోపలివైపే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

కదలిక సెన్సర్ ఏడడుగుల ఎత్తున, గది మూలలో ఉండాలి. మనిషి దాని వైపు నేరుగా నడిచి వచ్చేలా కాక, దాని ఎదుట అడ్డంగా దాటేలా చోటు చూడండి. అడ్డంగా దాటినప్పుడే అది బాగా పట్టుకుంటుంది. బీరువా గదిలోకి దారితీసే నడవ మంచి చోటు. ఎండ పడే కిటికీకి ఎదురుగా వద్దు. ఎండకు కాగిన కర్టెన్ గాలికి ఊగినా అది మనిషి అనుకుంటుంది. కిటికీలోంచి బయటి వాకిలి చూస్తుందిలే అనుకుని పెట్టకండి. ఈ వేడి కిరణాలు గాజును దాటవు.

ఇక బల్లి. దూరాన గోడ మీద పాకే బల్లిని పీఐఆర్ పట్టించుకోదు. కానీ దాని గుబ్బ మీదే పాకితే, అంత దగ్గర్లో బల్లి కూడా దానికి మనిషంత కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు పక్కన పురుగుల కోసం బల్లులు చేరతాయి కాబట్టి ట్యూబ్‌లైటుకు దూరంగా పెట్టండి. పాల కోసం వచ్చే పిల్లి ఉంటే సెన్సర్‌ను మరీ కిందికి వంచకండి, సున్నితత్వం ఒక మెట్టు తగ్గించండి. మిరప టిక్కీలు, పత్తి ఉన్న ఇంట్లో దుమ్ము, నూగు గుబ్బ మీద పేరుకుంటాయి. నెలకోసారి పొడిగుడ్డతో తుడవాలి. మిరప దుమ్ము తుడిచిన చేత్తో కళ్లు నలుపుకోవద్దని ఈ ప్రాంతం వాళ్లకు నేను చెప్పేదేముంది!

బిగించే ముందు ఆ చోట వైఫై అందుతోందో చూడండి. ఫోన్ అక్కడ పట్టుకుని, తలుపులన్నీ మూసి, ఒక వీడియో ఆడించండి. ఆగి ఆగి వస్తుంటే సెన్సర్ కబురు కూడా అలాగే వెళుతుంది. ఇనప రేకులు, షట్టర్లు, పాతకాలపు మందపు గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయి. రూటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి నడిమధ్యకు, కాస్త ఎత్తుకు మారిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. కల్లం దగ్గరి షెడ్డుకు ఇంటి వైఫై అందదు, అక్కడికి సిమ్‌తో నడిచే కెమెరా వేరే కొనాలి.

వాకిట్లో పెట్టిన కెమెరా మీ గేటునే చూడాలి. పక్కింటి దొడ్డి, స్నానాల గది, కూలికి వచ్చిన ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు అందులో పడకూడదు. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పొరుగువాడితో గొడవ తెచ్చుకుంటే మీరు పిలిచినప్పుడు వచ్చేవాడు కూడా ఉండడు.

ఫోన్‌ను మేల్కొలపడం

సెన్సర్ చక్కగా పనిచేస్తున్నా కబురు రాని ఇళ్లు ఎక్కువ. తప్పు ఫోన్‌లో ఉంటుంది. మన చేతుల్లో ఉన్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వాడకుండా పడివున్న యాప్‌లను వెనకనుంచి ఆపేస్తాయి. ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ పేరు మీదికి వెళ్లి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేవని, ఆటోస్టార్ట్ ఉంటే దాన్ని ఆన్ అని పెట్టండి. నోటిఫికేషన్ శబ్దం పెద్దదిగా, మిగతా వాటికి భిన్నంగా ఎంచుకోండి. రాత్రిపూట ఫోన్‌ను మూగగా పెట్టే అలవాటుంటే ఈ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇవ్వండి.

సైరన్ కూడా పెడితే మంచిదే. తలుపు తెరుచుకోగానే సైరన్ మోగాలని యాప్‌లో ఒక షరతు రాసుకోవచ్చు. కానీ వైఫై సెన్సర్, వైఫై సైరన్ సాధారణంగా ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. సెన్సర్ మాట కంపెనీ సర్వర్ దాకా వెళ్లి తిరిగి సైరన్‌కు రావాలి. నెట్ పోతే సైరన్ మోగదు. నెట్ లేకపోయినా మోగాలంటే హబ్ ఉన్న రకం కొనాలి.

ఇంట్లో మనుషులు ఉన్నంతసేపూ హెచ్చరికలు ఆపి, తాళం వేసేటప్పుడే ఆన్ చేయండి. చేలోకి వెళ్లే ఇల్లయితే ఉదయం నుంచి సాయంత్రం దాకా అని వేళలు పెట్టేయొచ్చు. రోజంతా టింగుటింగుమంటూ ఉంటే వారం తిరక్కుండానే ఎవరూ చూడటం మానేస్తారు. అసలైనది కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో కూడా ఇదే యాప్‌లో సభ్యులుగా చేర్చండి, దీనికో గట్టి కారణం ఉంది. మనకు రాత్రి రెండు గంటలంటే డాలస్‌లో చలికాలమైతే మధ్యాహ్నం రెండున్నర, వేసవైతే మూడున్నర. దొంగలు తిరిగే వేళకు వాళ్లు మెలకువగా, ఫోన్ చేతిలో పట్టుకుని ఉంటారు. అయితే అక్కడి నుంచి 112 కొడితే మన కంట్రోల్ రూముకు కలవదు. మీ స్టేషన్, జిల్లా కంట్రోల్ రూము ల్యాండ్‌లైన్ నంబర్లను దేశం కోడ్‌తో సహా దాచుకోమనండి. గుంటూరు నంబరయితే +91 తరువాత 863, ఒంగోలు అయితే 8592. ముందున్న సున్నా తీసేయాలి.

పాస్‌వర్డ్ విషయం క్లుప్తంగా. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాలు, రికార్డర్లు, రూటర్లలోకి చొరబడింది. చొరబడటానికి గొప్ప తెలివేమీ వాడలేదు, కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్‌ను జనం మార్చకపోవడమే దానికి దారి. కాబట్టి రూటర్‌కు, యాప్‌కు, కెమెరాకు వేర్వేరు పాస్‌వర్డులు పెట్టండి. ఊరి పేరు, పుట్టిన సంవత్సరం వద్దు. యాప్‌లో ఓటీపీతో రెండో తాళం ఉంటే అదీ వేయండి. "మీ సెన్సర్ గడువు అయిపోయింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు పోతే 1930కి చేయాలి.

మోగినప్పుడు

కంగారుపడకుండా వరస చూడండి. పెరటి తలుపు తెరుచుకుని, నిమిషంలోపు నడవలో కదలిక అని వస్తే అది మనిషే, ఆలోచించనక్కర్లేదు. తలుపులేవీ కదలకుండా నడవలో ఒక్కసారి కదలిక వచ్చి ఆగితే బల్లో పిల్లో కావచ్చు, అయినా పక్కింటికి ఒక ఫోన్ చేయడంలో తప్పులేదు. మనిషే అనిపిస్తే 112, ఆ వెంటనే పక్కింటివాళ్లు. తెల్లారాక పోలీసులు వచ్చేదాకా బీరువా, తలుపు గడియ ఎవరూ ముట్టుకోకూడదు, వేలిముద్రలు చెరిగిపోతాయి. యాప్‌లో తలుపు తెరుచుకున్న వేళ నమోదై ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుతో ఇవ్వండి.

ఒక సంగతి కొత్తవాళ్లకు తెలియదు. బ్యాటరీతో నడిచే వైఫై సెన్సర్ ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది, తలుపు కదిలినప్పుడే లేచి కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. బ్యాటరీ అయిపోయిన సెన్సరూ, ఏమీ జరగక ఊరుకున్న సెన్సరూ యాప్‌లో ఒకేలా కనిపించొచ్చు. అందుకే వారానికోసారి తలుపు తెరిచి కబురు వచ్చిందో లేదో చూడాలి. ఊరెళ్లే ముందు సగమున్న బ్యాటరీని కూడా తీసేసి కొత్తది వేయండి. కోటప్పకొండ తిరునాళ్లకు బయల్దేరి ప్రభ వెనక నడుస్తూ బ్యాటరీ తక్కువ అన్న కబురు చూస్తే అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు.

అన్నట్టు, విమానం టిక్కెట్లు, తీర్థయాత్ర ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం తిరిగి వచ్చాక చేయొచ్చు.

పెద్దవాళ్లను తమ దగ్గరికి పిలిపించుకుంటున్న పిల్లలకు ఒక మనవి. టిక్కెట్టు కొన్న వారంలోనే ఇవన్నీ బిగించి, కనీసం పది పదిహేను రోజులు ఇంట్లో మనుషులు ఉండగానే వాడి చూడండి. లోపాలన్నీ ఆ రోజుల్లోనే బయటపడతాయి. పక్కింటి బాబాయికి మీరే ఫోన్ చేసి మాట్లాడండి, మీ నంబరు ఆయన ఫోన్‌లో పేరుతో సహా పడేలా చూడండి. అర్ధరాత్రి +1తో మొదలయ్యే తెలియని నంబరు చూసి ఆయన మోసగాళ్ల ఫోను అనుకుని కోసేయవచ్చు.